పూసలు నడిచే దారి

సోమవారం

రోజూ ఏం పని చేశానో చేత్తో రాసి ఉంచమని స్తంభాల ఆఫీసు వాళ్లు చెప్పారు. రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి సగంలో ఆగింది. అక్షరాలు పెద్దవిగా, ఎడంగా ఉంటాయి. చదవడం కష్టమైతే మీ కళ్లజోడు మార్చుకోండి, నన్ను అడగకండి.

ఇవాళ ఘాటు రోడ్డు కింద నుంచి పై దాకా స్తంభాలు తుడిచాను. ఆరో మలుపు స్తంభం నెత్తిన కోతి కూర్చుంది. నిచ్చెన వేసినా దిగలేదు. దాని చుట్టూ తుడిచాను. తొమ్మిదో మలుపులో స్తంభం లోపల చీమలు గూడు పెట్టాయి. మీరిచ్చిన గుడ్డ రెండో స్తంభానికే చిరిగిపోయింది కాబట్టి మా ఆవిడ పాత చీర ముక్క వాడుతున్నాను.

రక్తం కడిగే బండి టైముకే వచ్చింది. మా ఆవిడ అచ్చియ్యమ్మకి కిడ్నీలు పోయి రెండేళ్లయింది. వెనకటికి పట్నం ఆసుపత్రిలో రక్తం కడిగే మిషన్లు ఉండేవి. ఇప్పుడు వాటన్నిటినీ పీకి బండ్లలో పెట్టి ఊళ్లకు పంపుతున్నారు. సోమవారం, గురువారం మా జీలుగువలసకి వంతు. డ్రైవరు ఉండడు. దానంతట అదే ఘాటెక్కి వచ్చి, మా గుమ్మం ముందు ఆగి, తలుపు తీసుకుంటుంది. ఒకటే పేచీ. ఘాటెక్కడానికి రెండు గంటలకన్నా ఎక్కువ పడుతుందని దారి టైము చూపే బోర్డు చెబితే కింద నుంచే వెనక్కి తిరుగుతుంది.

ఇవాళ రక్తం కడుగుతుండగా అచ్చికి ఒళ్లంతా చలి పుట్టి కళ్లు తేలేసింది. కాసేపటికి సర్దుకుంది. కానీ గుమ్మంలో నిలబడి చూసిన ఆడవాళ్లు ఊరంతా గోల చేశారు. అనవసరం.

మా వీధి గదిలో నెల నుంచి వాసంతి అనే అమ్మాయి ఉంటోంది. పట్నంలో పెద్ద చదువు. డాక్టరు కాబోతోందని ఆఫీసువాళ్లే చెప్పి పంపారు. ఆ మాట ఊళ్లో పాకి, ఆ అమ్మాయి వచ్చిన మర్నాడే మా అరుగు మీద మోకాళ్ల నొప్పులవాళ్లు, గజ్జివాళ్లు, ఒక మేక తయారయ్యారు.

"నేను ఆ డాక్టర్ని కాదండీ," అంది.

"మరే జబ్బుకి డాక్టరువమ్మా?" అని అచ్చి అడిగింది.

"రోడ్డుకి, మామ్మా. మనందరి మెడలో ఆఫీసువాళ్లు వేసిన పూస ఒక స్తంభం దాటినప్పుడు పలుకుతుంది, పై స్తంభం దాటినప్పుడు ఇంకోసారి పలుకుతుంది కదా. మధ్యలో ఎంతసేపు పట్టిందో చూసి, దారి ఎంతసేపో బోర్డు మీద చెప్పాలి. ఆ లెక్క తప్పకుండా ఎలా కట్టాలో అదే నా చదువు."

"దానికింత సదువేటి? మా ముసిలోణ్ణి అడిగితే సెప్పీడా?"

"అడిగాను మామ్మా. తాత అరగంట అంటే గంటన్నర పడుతోంది."

నేను అక్కడే ఉన్నాను. పెద్దవాళ్లు వింటున్నారన్న జ్ఞానం లేదు.

బుధవారం

పని సగమే అయింది. నా తప్పు కాదు. ఘాటు నిండా నడకవాళ్లు. జాతర లేదు, పండగ లేదు, ఎందుకు నడుస్తున్నారో తెలియదు. ఘాటు కింద మలుపులమ్మ గుడి ఉంది. మొక్కుకున్నవాళ్లు చెప్పుల్లేకుండా ఘాటు దిగి, ఆమెకు దణ్ణం పెట్టి, మళ్లీ నడిచే పైకి రావాలి. నడవలేనివాళ్లు మెడలో పూస తెంపి నడిచేవాళ్ల చేతికిస్తారు. పూస నడిస్తే మనిషి నడిచినట్టేనట. పూసలు రాకముందు చెప్పులు పంపేవారు, అంతకుముందు జడ కొసలు కత్తిరించి పంపేవారు. జనం మారరు.

ఏడో మలుపులో నిచ్చెన మీద ఉండగా నా మరదలు తవిటమ్మ వచ్చింది. అచ్చికి చెల్లెలు. భుజాన గోనె సంచీ, అందులో పూసలు చింతగింజల్లా గలగలలాడుతున్నాయి. వెనక ఇంకో పదిమంది, అందరికీ సంచులే.

"ఎవరి పేర మొక్కు?" అని అడిగాను.

"సెప్తే నువ్వు నడుస్తావేటి బావా? ముందు నిచ్చెన తియ్, జనం ఎల్లాల."

"నలభై ఏళ్లు ఈ ఘాట్లో బస్సు తిప్పాను. మీ మలుపులమ్మకి ఒక్క కొబ్బరికాయ కొట్టలేదు. నా బస్సు ఒక్కసారి లోయలో పడలేదు."

"అమ్మ నీ మొకం సూసి కాయలేదు. నీ యెనకాల కూకున్నోల్ల మొకం సూసి కాసింది."

వెనకవాళ్లు నవ్వారు. నిచ్చెన తీశాను. ఊళ్లో అందరూ నన్ను పోల్ నాయుడు అంటారు. నా పేరు పోలినాయుడు, మా తాత పేరు. స్తంభాలు పుట్టకముందే పెట్టిన పేరు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

గురువారం

బండి రాలేదు.

పొద్దున్నే బోర్డు చూశాను. ఘాటు ప్రయాణం ఐదు గంటల పది నిమిషాలు అని ఉంది. ఐదు గంటల్లో మా ఊరి నుంచి పట్నం పోయి, సినిమా చూసి వచ్చేయొచ్చు. కొండచరియ ఏమైనా విరిగిందేమోనని స్తంభాల ఆఫీసు జీపు తీసుకుని దిగాను. ఆ జీపొక్కటే ఈ కొండ మీద మనిషి నడిపే బండి. చరియ విరగలేదు, చెట్టు పడలేదు, బండ్లు లేవు. అడుగడుక్కీ నడకవాళ్లు తప్ప దారి ఖాళీ. గంట పట్టింది. మళ్లీ గంటంపావులో ఎక్కాను.

బండి కంపెనీకి ఫోన్ చేశాను. మిషను గొంతు, తేనె పూసినట్టు మాట్లాడింది.

"మీ దారి ప్రయాణ సమయం రెండు గంటలు దాటింది. మీ క్షేమం కోసం బండి రాలేదు."

"నా క్షేమం కోసమే రావాలి అది. దారి ఖాళీగా ఉంది. ఇప్పుడే నేను దిగి ఎక్కాను."

"మీరు బోర్డుతో ఏకీభవించకపోతే ఒకటి నొక్కండి."

నొక్కాను. ఫిర్యాదు తీసుకున్నామని, ఏడు పని దినాలలో చూస్తామని చెప్పింది. జీపులో అచ్చిని కిందికి దింపి అక్కడే బండి పట్టుకుందామంటే, ఏ ఊరి జాబితాలో పేరుంటే ఆ ఊళ్లోనే తలుపు తెరుస్తుందట. ఊరు మార్చుకోవడానికి రెండు నొక్కాలి. అదీ ఏడు పని దినాలే.

ఫోను పెట్టేశాక అచ్చి, "ఎవులితో తగువు?" అని అడిగింది.

"ఎవరూ లేరు," అన్నాను. నిజమే కదా.

శనివారం

అచ్చి కాళ్లు పొంగాయి. మట్టెలు వేలికి దిగబడితే సబ్బు రాసి తీశాను. రోజుకి చిన్న గ్లాసుడు నీళ్లే తాగాలి. ఇప్పుడు అందులోనూ సగం చేశాం. మంచు ముక్క చప్పరిస్తూ నావైపు చూస్తోంది. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

వాసంతి తన వెలిగే పలక తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఘాటు బొమ్మ, ఎర్రటి చుక్కలు.

"తాతా, గురువారం నీ జీపు ప్రయాణం దొరికింది. కానీ లెక్క కట్టే మిషను దాన్ని తప్పు కింద తీసి పారేసింది."

"నన్నా?"

"నీ లెక్కని. ఎవడో ఏడో మలుపులో ఆగి టీ తాగాడనుకో. వాడు ఆలస్యంగా పై స్తంభానికొస్తాడు. అది దారి ఆలస్యం కాదు, వాడి ఆలస్యం. అందుకని మిగతా వాళ్లతో పోల్చి, బాగా తేడాగా ఉన్న ఒకటీ అరా లెక్కల్ని తీసేస్తాం. అది రాసింది నేనే."

"నేను టీ తాగలేదు."

"ఇప్పుడు తేడాగా ఉన్నది నువ్వు. వేలకొద్దీ పూసలు ఐదారు గంటల్లో ఘాటు దాటుతున్నాయి. నువ్వొక్కడివి గంటలో దాటావు. పందెం బండో, పాడైన పూసో అనుకుంది."

కోపంతో మళ్లీ జీపు తీశాను. దిగి ఎక్కాను. వచ్చేసరికి నన్ను మళ్లీ పారేసింది. మూడోసారి పోయాను. మూడోసారీ పారేసింది. నలభై ఏళ్లు ఈ ఘాట్లో టైము తప్పని డ్రైవర్ని, చేతిలో స్టీరింగు పట్టుకుని దారిలో పోతూ ఉంటే, నేను అక్కడ లేనని చెబుతున్నారు.

వాసంతి వాళ్ల సారుకి ఫోన్ చేసింది. ఇంత నిండైన లెక్క తన సర్వీసులో చూడలేదని, ఐదు గంటలంటే ఐదు గంటలేనని, అనుమానం వద్దని ఆయన సంతోషంగా చెప్పాడట.

"మీ సారు ఎప్పుడైనా ఈ ఘాటెక్కాడా?"

"లేదు తాతా."

"రమ్మను. ఐదు గంటలు పడుతుందో లేదో ఆయన్నే కూర్చోబెట్టి చూపిస్తాను."

అంత నెమ్మదిగా పోయే ఆ వేల పూసలు ఎవరివో ఆ పిల్లకి తెలియదు. నాకూ తెలియదు. దారిలో చూస్తే బండి ఒక్కటీ లేదు.

సోమవారం

బండి ఇవాళ కూడా రాలేదు. బోర్డు ఆరు గంటలంది.

అచ్చి పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరాడదు. గోడకి దిండు పెట్టి కూర్చోబెట్టాను. మాట్లాడితే రెండు మాటలకి ఒకసారి ఆగుతోంది. ఎగువ వలస నుంచి కాంపౌండర్ని పిలిచాను. ఒక ఇంజెక్షను చేసి, బుధ, గురువారాల దాకా లాగొచ్చన్నాడు. ఆ తర్వాత సంగతి అడిగితే సంచీ సర్దుకున్నాడు.

వాసంతినీ, పలకనీ జీపులో వేసుకుని దిగాను. "ఇదిగో తాతా, ఇక్కడే గుంపుగా ఉన్నాయి, నాలుగు వందల దాకా," అని ఏడో మలుపులో చెయ్యి చూపించింది. ఆ చూపించిన చోట తవిటమ్మ గోడ మీద కూర్చుని కాళ్లు నొక్కుకుంటోంది. పక్కన గోనె సంచీ.

వాసంతి సంచీ వైపు చూసింది. పలక వైపు చూసింది. మళ్లీ సంచీ వైపు.

"అమ్మా, ఇందులో ఎన్నున్నాయి?"

"నానేటి లెక్కెట్టలేదు. మా ఊరివి, ఎగువ వలసవి, సంతబైలువి కూడా."

వాసంతి నేల మీద చతికిలబడింది. "తాతా, ఇదే ట్రాఫిక్ జామ్."

అప్పుడు అర్థమైంది. కళ్లెదురుగా నడుస్తుంటే మేం బండ్లని వెతికాం. "ఎవరి కోసం మోస్తున్నావే ఇన్ని?" అని అరిచాను.

"ఎవులి కోసమేటి బావా. అప్ప కోసం." తవిటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ సోమవారం కళ్లు తేలీసింది కదా, ఆ రోజే మొక్కీసాను. నీకు సెప్తే ఎగతాళి సేస్తావనీసి సెప్పలేదు. బండి రాలేదనీసరికి ఎగువ వలసోల్లు కూడా పూసలిచ్చినారు. ఇయ్యాల మల్లీ రాలేదని సంతబైలోల్లు ఇచ్చినారు."

"మీరు మొక్కబట్టే బండి రాలేదు. మీ సంచులు చూసి దారి మూసుకుపోయిందనుకుంటోంది మిషను."

"మొక్కు కీడు సేస్తాదేటి? నువ్వు యెప్పుడూ అమ్మని తిట్టేవోడివే."

బండి రాదు, పూసలు పెరుగుతాయి. పూసలు పెరిగితే బండి రాదు. అచ్చి మీద ప్రేమతో మూడు ఊళ్లు కలిసి దాని ఊపిరి తీస్తున్నాయి. ఎవర్ని తిట్టాలో తెలియక జీపు టైరుని తన్నాను.

మంగళవారం

స్తంభాలు తుడిచాను. తుడుస్తూ వాటికి గుడ్డ చుట్టేద్దామా అని కూడా చూశాను. వాసంతి వద్దంది. స్తంభాలకి ఏమీ కనబడకపోతే బోర్డు ఖాళీ అవుతుందట. బోర్డు ఖాళీ అంటే దారి లేనట్టట. అసలు దారి లేకపోతే బండి ఎందుకొస్తుంది. నడక ఆపించినా అంతే, పాత ఆరు గంటలే పట్టుకుని కూర్చుంటుంది, కొత్తది చూసేదాకా.

"అయితే కొత్తది చూపిద్దాం," అన్నాను. "పూసలన్నీ జీపులో ఎక్కించి దిగుతాను, ఎక్కుతాను. ఒక్కణ్ణి పోతే తప్పన్నది. వేల మందిని వేసుకుని పోతే ఏమంటుందో చూస్తాను."

"అది దొంగ లెక్క తాతా. జీపు ఒకటే, మనుషులు వేలంటే ఎలా?"

"మరి మనిషి ఒకటే, సంచీలో నాలుగు వందలంటే అది దొంగ లెక్క కాదా?"

వాసంతి పలక పక్కన పెట్టింది. తర్వాత, "నా చదువు ఏమవుతుందో తెలియదు. సారుకి జరిగింది జరిగినట్టు రాసేస్తాను. దాచను," అంది. దాచమని నేనూ అనలేదు.

తవిటమ్మే ఒప్పుకోలేదు. మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మొక్కు పూస సక్రం ఎక్కకూడదు బావా. ఎక్కితే మొక్కు యిరిగిపోతాది. యిరిగితే అప్ప మీదకే వొస్తాది."

"తవిటీ," అని లోపల్నుంచి అచ్చి పిలిచింది. మధ్యలో ఊపిరి తీసుకుంది. "మొక్కింది నా కోసమేనా?"

"నీ కోసమే అప్పా."

"నా కోసమైతే... నా మాటినాల. బండెక్కించు."

"నాకు నువ్వు కావాల. నీ మాటెందుకు," అని తవిటమ్మ ముక్కు చీదింది. కాసేపు గుమ్మం మీద గోటితో గీసింది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "ఒకటే దారుంది. పూసలు సక్రం ఎక్కినా, ఆ నడక ఆ ఇంటి మొగోడు తీసుకుంటే మొక్కు యిరగదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. సెప్పుల్లేకుండా. ఒక్కడివే. అమ్మకి దణ్ణమెట్టి."

నాకు డెబ్భై నాలుగు. మోకాలు వంగదు. దేవుళ్లతో నాకు మాటల్లేవు.

"ఆ మిషన్లకి బుద్ధి లేదు, మీకూ లేదు," అన్నాను.

"నడుస్తావా, నడవవా?"

అచ్చి గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. అంత ఆయాసంలోనూ దాని మొహంలో నవ్వుంది. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో నేనెప్పుడైనా చిక్కుపడితే అది అలాగే నవ్వుతుంది.

"నడుస్తాను," అన్నాను.

"గట్టిగా సెప్పు మావా," అంది అచ్చి. "యినబడలేదు."

బుధవారం

జీపులో సంచులు వేశాం. వెనక పట్టక రెండు వాసంతి ఒళ్లో పెట్టుకుంది. పొద్దున్నించి దిగడం, ఎక్కడం. మూడో స్తంభం, నాలుగో స్తంభం, పూసలన్నీ ఒక్కసారి పలికితే పలక మీద చుక్కలు ఉప్పులా రాలాయి.

మొదటిసారి నమ్మలేదు, తీసేసింది. వేల మందిని ఒక్కసారిగా తప్పన్నది. దాని గుండె ధైర్యం మెచ్చుకోవాలి. రెండోసారి దిగి వచ్చేసరికి బోర్డు ఆరు నుంచి నాలుగున్నరకి వచ్చింది. మూడోసారికి మూడు. మూడు ఊళ్లవాళ్లూ బోర్డు కింద చేరి, లాటరీ చూసినట్టు చూస్తున్నారు.

"గేరు మార్చు తాతా, ఇంజను అరుస్తోంది," అంటుంది వాసంతి ప్రతి మలుపులో. డాక్టరు కాకముందే ఇంత సలహాలైతే, అయ్యాక ఏం చేస్తుందో.

సాయంత్రానికి బోర్డు గంటా ఇరవై నిమిషాలంది. ఫోనులో మిషను గొంతు, "మీ బండి రేపు వస్తుంది. బోర్డుతో ఏకీభవించకపోతే ఒకటి నొక్కండి," అంది. ఫోను అచ్చికందకుండా పెట్టేశాను. ఏదో ఒకటి నొక్కితే ఇంకేమవుతుందో.

మిగిలిన నడకవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లని ఇప్పుడు మిషను తప్పు కింద తీసేస్తోందని వాసంతి చెప్పింది. పాపం, వాళ్లూ నడుస్తూనే ఉన్నారు.

గురువారం

నడిచాను.

వేకువనే బయల్దేరాను. అచ్చి రాత్రంతా కూర్చునే ఉంది. గుమ్మం దాటేటప్పుడు మెడలో పూస తీసి దాని చేతిలో పెట్టాను. ఒక్క పూసతో బోర్డు చెడదని వాసంతి అంది. నాకు ఆ బోర్డు మీద అంత నమ్మకం లేదు.

బస్సులో తెలియదు కానీ ఈ ఘాట్లో కంకర బాగా గుచ్చుకుంటుంది. మూడో మలుపు దాకా తిట్టుకుంటూ నడిచాను. తర్వాత తిట్టడానికి ఊపిరి చాల్లేదు. కింద గుడిలో మలుపులమ్మ నా మోకాలంత ఉంది. ఇంతకాలం పక్కనుంచి హారను కొట్టుకుంటూ పోయాను కానీ మొహం చూసింది లేదు. ఏం అడగాలో తెలియలేదు. "తవిటమ్మ పంపింది," అన్నాను. దణ్ణం పెట్టాను. తిరిగాను.

ఎక్కడం వేరు. నాలుగో మలుపు నుంచి మోకాలు పట్టుకుని ఎక్కాను. ఆగితే లేవలేనని ఆగలేదు.

ఎనిమిదో మలుపు దాటాక వెనక చప్పుడు వినబడింది. ఇంజను చప్పుడు కాదు, టైర్లు కంకర మీద నలిగే చప్పుడు. తిరిగి చూస్తే తెల్లటి బండి, లోపల ఎవరూ లేరు. నేను రోడ్డు నడిమధ్యన ఉన్నాను. అలవాటు. నలభై ఏళ్లు ఈ ఘాట్లో మధ్యలోనే బస్సు నడిపాను. ఎవడైనా వెనక హారను కొడితే ఇంకా మధ్యకి జరిగేవాణ్ణి. లారీవాడు, జీపువాడు, కలెక్టరుగారి కారువాడు, నన్ను దాటి పోయినవాడు లేడు.

మనిషి అడ్డముంటే ఆ బండి ఆగిపోతుంది. ఆగి, దారి బాగులేదని వెనక్కి తిరిగితే? గబగబా గోడ వైపు జరిగాను. కాలు జారింది, గోడ పట్టుకున్నాను. పొట్ట లోపలికి పీల్చి, గోడకి అతుక్కుని నిలబడ్డాను. పోవే, పోవే, అన్నాను.

దాటింది. నన్ను చూడలేదు, వేగం తగ్గించలేదు. మలుపు తిరిగి మా ఊరి వైపు పోయింది.

నేను ఇల్లు చేరేసరికి బండి గుమ్మం ముందే ఉంది. తలుపు తెరిచి ఉంది. లోపల అచ్చి పడుకుని ఉంది. కూర్చుని కాదు, పడుకుని, ఆయాసం లేకుండా. తవిటమ్మ దాని కాళ్ల దగ్గర ఉంది. నా అరికాళ్లు చూసి, లేచి వెళ్లి కాళ్లకి చెంబెడు నీళ్లు తెచ్చింది. ఆమె నాకు నీళ్లివ్వడం ఇదే మొదలు.

ఇవాళ స్తంభాలు తుడవలేదు. సంజాయిషీ అడిగితే ఇదే.